కృత్తికలు: తప్పు లేదని తెలిసి కూడా వదిలేస్తే?

కార్తీక మాసం వీడియోలో ఈ నెలకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్ళిపోయాను. పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి కార్తీకం. జవాబు సరైనదే. కానీ ఆ కృత్తికలు ఎవరు, వాళ్ళు ఆకాశంలోకి ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది అన్నది చిన్న వీడియోలో పట్టే సంగతి కాదు. పైగా అది కాస్త ఇబ్బంది పెట్టే కథ. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

కథ కంటే ముందు వాళ్ళని ఒకసారి చూడండి. మనలో చాలామందికి జన్మ నక్షత్రం తెలుసు, పాదం తెలుసు, కానీ ఆ నక్షత్రం ఆకాశంలో ఎక్కడుందో తెలీదు. కార్తీకంలో రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య తూర్పు వైపు తిరిగి నిలబడండి. చిన్న గుంపుగా, ఎవరో గుప్పెడు బియ్యపు నూకలు ఒకేచోట పోసినట్టు కనిపిస్తాయి. చెయ్యి చాచి బొటనవేలు అడ్డం పెడితే గుంపు మొత్తం మరుగున పడిపోతుంది, అంత చిన్నది. మా నాయనమ్మ దాన్ని పిల్లల కోడి అనేది. తల్లికోడి చుట్టూ పిల్లలు ముడుచుకుని కూర్చున్నట్టు ఉంటుంది కదా, అందుకు. మా నల్లగొండ వైపు రాత్రి కరెంటుకి మోటరు పెట్టడానికి పొలం పోయే రోజుల్లో ఇంట్లో గడియారం కంటే ఈ కోడే ఎక్కువ పనికొచ్చేది. "పిల్లల కోడి నెత్తి మీదికొచ్చింది, లే బిడ్డా, కరెంటొచ్చే యాళ్ళయింది" అనేది.

హైదరాబాద్ టెర్రస్ మీద నుంచి చూస్తే రెండో మూడో చుక్కలు, లేదంటే ఉత్త మసక. డిండి దాటి దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో వెళ్ళి, ఫోన్ జేబులో పెట్టేసి ఒక ఇరవై నిమిషాలు కళ్ళని చీకటికి అలవాటు పడనిస్తే ఆరు కనిపిస్తాయి. చూపు బాగుంటే ఏడు. తైత్తిరీయ సంహిత ఏడు పేర్లు చెప్తుంది: అంబా, దులా, నితత్ని, అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి, చుపుణీక. మబ్బు పట్టేది, మేఘాలు కమ్మించేది, వాన కురిపించేది... పాలమూరు, నల్లగొండ లాంటి మెట్ట నేలల్లో పుట్టినవాళ్ళం, ఆ పేర్లు వింటేనే ప్రాణం లేచొస్తుంది. మొదటి పేరు మాత్రం అంబ. అమ్మ.

బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్ళండి. దీనికి పెద్ద టెలిస్కోప్ కంటే మామూలు బైనాక్యులర్సే మేలు, ఎందుకంటే టెలిస్కోప్‌లో గుంపంతా ఒకేసారి పట్టదు. ఆరు చుక్కలు కాస్తా డజన్ల కొద్దీ అయిపోతాయి. 1610లో గెలీలియో తన దూరదర్శినితో చూసి 36 చుక్కలు గీశాడు. ఇప్పుడు లెక్క వెయ్యి దాటింది. అన్నీ ఒకే మేఘం నుంచి, దాదాపు ఒకే కాలంలో పుట్టినవి, అంటే నిజంగానే అక్కచెల్లెళ్ళు. వయసు సుమారు 10 కోట్ల సంవత్సరాలు. సూర్యుడికి 460 కోట్లు, కాబట్టి ఆయన ముందు వీళ్ళు చంటిపిల్లలే. ఆ నీలపు మెరుపు వయసుదే, వేడిదే. మనం ఈ రాత్రి చూసే వెలుగు అక్కడ బయల్దేరి 440 ఏళ్ళ పైచిలుకు. 1591లో చార్మినార్ కట్టేనాటికే అది దారిలో ఉంది.

ఇంకొక్క సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. ఫోటోల్లో ఈ గుంపు చుట్టూ నీలం పొగలాంటిది కనిపిస్తుంది. చాలాకాలం అది వీళ్ళు పుట్టినప్పుడు మిగిలిన మేఘమే అనుకున్నారు. కాదని తర్వాత తేలింది. అది దారిలో ఎదురైన వేరే ధూళి. ఈ గుంపు దాని గుండా పోతూ ఉంటే, వీళ్ళ వెలుగు పడి అది మెరుస్తోంది. అంతే.

సరే, కథలోకి వద్దాం.

వ్యాసభారతం వనపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకి చెప్పిన కథ ఇది. సప్తర్షుల యజ్ఞంలో అగ్నిదేవుడు ఋషిపత్నులని చూసి మనసు పడతాడు. అది తప్పని ఆయనకే తెలుసు. ఆ బాధతో అడవికి పోతాడు. అగ్నిని ప్రేమించిన దక్షుడి కూతురు స్వాహాదేవి అదను చూసి ఒక ఋషిపత్ని రూపం ధరించి ఆయన దగ్గరికెళ్తుంది. తర్వాత ఇంకో రూపం, ఇంకోటి. అలా ఆరుగురి రూపాలు. ఏడో ఆమె అరుంధతి రూపం మాత్రం ధరించలేకపోతుంది. ఆరు తేజస్సులూ కలిసి ఆరు ముఖాల కుమారస్వామి పుడతాడు.

ఇక్కడ ఒక చిన్న వివరం చాలామంది వదిలేస్తారు. ఈ రూపంలో తనని అడవిలో ఎవరైనా చూస్తే ఆ ఇల్లాళ్ళ మీద లేని నింద పడుతుందని స్వాహాకి భయం వేస్తుంది. అందుకే గరుడపక్షిగా మారి ఎగిరిపోతుంది. అంటే నింద వస్తుందని ముందే తెలుసు, రాకూడదని జాగ్రత్త పడింది. అయినా వచ్చింది. అడవిలో ఉండేవాళ్ళు ఆ ఆరుగురికీ, అగ్నికీ ముడిపెట్టి మాట పుట్టించారు. మాట ఋషుల చెవిన పడింది. ఆరుగురు ఋషులు ఆరుగురు భార్యలనీ వదిలేశారు.

ఇక్కడిదాకా అయితే ఇది తొందరపాటు కథ. అపార్థం, కోపం, తర్వాత పశ్చాత్తాపం అనే సినిమా లైన్. కానీ వ్యాసుడు అక్కడ ఆపలేదు. ఆ బిడ్డ నా బిడ్డే, మీరనుకున్నట్టు జరగలేదు అని స్వాహా స్వయంగా ఋషులకి చెప్తుంది. పైగా విశ్వామిత్రుడు అగ్ని వెనకాలే కనపడకుండా వెళ్ళి జరిగిందంతా చూశాడు. ఆయనా వచ్చి చెప్తాడు, ఆ స్త్రీల తప్పేమీ లేదని. చేసినామె ఒప్పుకుంది, చూసినాయన సాక్ష్యం చెప్పాడు. ఇంతకంటే ఏ కోర్టు మాత్రం ఏం అడుగుతుంది?

ఋషులు విన్నారు. ఉన్నది ఉన్నట్టు విన్నారు. విన్నాక కూడా భార్యలని పూర్తిగా వదిలేశారు.

నేను ఈ చోట ఆగిపోయాను. ఇప్పటికీ ఆగుతూనే ఉన్నాను. తెలియక చేసిన అన్యాయం గురించి మనకి బోలెడు కథలున్నాయి. తెలిసి, వాళ్ళు నిర్దోషులని ఒప్పుకుని, అయినా సరే వదిలేయడం వేరే విషయం. దాన్ని ఏమనాలి?

దీన్ని పురాణకాలం సంగతి అని పక్కన పెట్టలేను. మా దూరపు చుట్టాల్లో ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. ఊరూ పేరూ చెప్పను. ఆమె ముఖం తీసి వేరే ఎవరి ఒంటికో అతికించిన ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిరిగింది. లగ్నపత్రిక రాసుకున్న సంబంధం అది. ఇంట్లోవాళ్ళు కంప్లైంట్ ఇచ్చారు, ఫోటో అబద్ధమని తేలింది, చేసినవాడు దొరికాడు. మగపెళ్ళివారి తరఫు పెద్దమనుషులు వచ్చి కూర్చుని, చాయ్ తాగి, ఎంతో మర్యాదగా అన్నమాట ఇది: "పిల్ల తప్పు ఏం లేదు, మాకు ఎరుకే. గానీ నలుగురి నోర్లు మూయలేం గద బావా." సంబంధం వదులుకున్నారు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఆ అమ్మాయి లోపలి గదిలోంచి అంతా విన్నది.

స్వాహాదేవి వేసుకున్న రూపానికి మనకాలంలో డీప్‌ఫేక్ అని పేరు. రూపం ఒకరిది, పని ఇంకొకరిది. ఇప్పుడు ఆ పని చేయడానికి తపశ్శక్తి అక్కర్లేదు, ఫోన్‌లో యాప్ చాలు. అందుకే ఈ కథ మీ తరానికి నా తరం కంటే దగ్గరగా ఉంటుందనుకుంటాను. స్వాహాకి కనీసం భయం వేసింది. ఫార్వర్డ్ కొట్టేవాళ్ళకి అదీ లేదు.

కొందరు పెద్దలు ఒక సమాధానం చెప్తారు, నేను చాలాసార్లు విన్నాను. అదంతా దైవలీల, కుమారస్వామికి ఆరుగురు తల్లులు కావాలి కాబట్టి అలా జరిగింది, ఋషులు నిమిత్తమాత్రులు అని. వాళ్ళ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఈ సమాధానం నాకు ఒప్పుదల కాదు. ఫలితం గొప్పదైతే చేసిన పని కడిగేసినట్టేనా? అలా అయితే కైకేయికి కూడా దండ వేయాలి, ఆమె లేకపోతే రావణవధ లేదు కదా. దేవుడు మన తప్పులోంచి కూడా మంచి తీయగలడు అన్నది ఆయన గొప్ప. ఆ గొప్పని మన ఖాతాలో జమ చేసుకోకూడదు. (లోకాపవాదం, సీతమ్మ... అని మీలో ఎవరో అప్పుడే అడగబోతున్నారు. తెలుసు. అది ఇంకో పెద్ద వీడియో, ఇక్కడ కలిపితే రెండూ చెడిపోతాయి.)

రెండో సమాధానం ఇంకా సున్నితమైనది. అరుంధతి పాతివ్రత్యం గొప్పది కాబట్టి ఆమె రూపం స్వాహాకి చిక్కలేదు, మిగతావారికి అంత శక్తి లేదు అని. కథలో ఆ మాట ఉంది, కాదనను. అరుంధతీదేవి తపస్సుకి నమస్కారం. కానీ అందులోంచి మిగతా ఆరుగురిలో ఏదో లోపం ఉందని లాగితే అది మన వంకర లెక్క. ఇంటికి తాళం ఎంత గట్టిదో అన్నది ఒక ప్రశ్న. దొంగతనం ఎవరు చేశారన్నది వేరే ప్రశ్న. తాళం బలహీనమని ఇంటి యజమానిని జైల్లో పెట్టరు. "ఆ ఫోటో అసలు డీపీగా ఎందుకు పెట్టుకుంది?" అన్న ప్రశ్న సరిగ్గా ఈ లెక్కలోంచే పుడుతుంది, గమనించండి.

మరి ఋషులు ఎందుకు వదిలేశారు? కథ కారణం చెప్పదు. నాకు అనిపించేది ఇది. నిజం తెలియడం వేరు, ఆ నిజం పక్కన నిలబడటం వేరు. మొదటిదానికి చెవులు చాలు. రెండోదానికి నలుగురి ముందు "నేను మొదట అన్నది తప్పు" అని ఒప్పుకోవాలి. అంతటి తపస్వులకి కూడా అది కష్టమైంది. ఈ విషయంలో నాకు ఖగోళ శాస్త్రవేత్తల తీరు నచ్చుతుంది. హిప్పార్కోస్ అనే ఉపగ్రహం కొలతల ప్రకారం 1997లో కృత్తికల దూరం అంతకుముందు అనుకున్నదానికంటే బాగా తక్కువని వచ్చింది, 390 కాంతి సంవత్సరాల కంటే కూడా కొంచెం తక్కువ. చాలా పేరున్న సాక్షి అది. అయినా మిగతా లెక్కలతో కుదరట్లేదని ఏళ్ళ తరబడి వాదించుకుని, మళ్ళీ మళ్ళీ కొలిచారు. 2014లో రేడియో టెలిస్కోపులని జోడించి కొలిస్తే 444 దగ్గర తేలింది, తర్వాత గాయా ఉపగ్రహం కూడా ఆ దగ్గరలోనే చెప్పింది. లెక్క మార్చుకున్నారు. నక్షత్రాల దూరం గురించి ఇంత ఓపిక ఉంటే మనుషుల పరువు గురించి ఎంత ఉండాలి?

వదిలేసిన తర్వాత ఆ ఆరుగురూ ఏం చేశారో చూడండి. నాకు కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. వాళ్ళు భర్తల ఆశ్రమాల గుమ్మం ముందు కూర్చోలేదు. అగ్నిపరీక్షకి సిద్ధమనలేదు. నేరుగా కుమారస్వామి దగ్గరికెళ్ళారు. ఏ కారణం లేకుండా మమ్మల్ని వదిలేశారు, నువ్వు మాకు పుట్టావని ఎవరో అన్న మాటే దీనికి మూలం, మమ్మల్ని కాపాడు, నువ్వు మాకు కొడుకువి కావాలి అన్నారు. ఏ అబద్ధం వాళ్ళ బతుకు కూల్చిందో ఆ అబద్ధాన్నే తీసుకుని, సరే, ఈ బిడ్డ మా బిడ్డే కానీ అన్నారు! స్వామి కూడా విచారణ పెట్టలేదు. మీరే నా తల్లులు, నేను మీ కొడుకుని అన్నాడు. వాళ్ళు అడిగినట్టే శాశ్వతంగా స్వర్గంలో చోటు దొరికింది. అదే మనం తూర్పున చూసే ఆ గుంపు, అగ్ని అధిదేవతగా ఉన్న నక్షత్రం.

రామాయణం బాలకాండలో కథ వేరుగా ఉంటుంది. అక్కడ నింద లేదు. పుట్టిన బిడ్డకి పాలివ్వమని దేవతలు కృత్తికలని నియమిస్తారు, బిడ్డ ఆరు ముఖాలతో ఆరుగురి దగ్గరా పాలు తాగుతాడు. రెండు కథల్లోనూ మారనిది ఒకటే. ఆ బిడ్డ మీద హక్కు చెప్పుకోగలిగినవాళ్ళు ఎంతమంది! శివపార్వతులు, అగ్ని, గంగ, స్వాహా. కానీ కార్తికేయుడన్న పేరు మాత్రం కడుపున మోయని ఈ ఆరుగురి నుంచి వచ్చింది.

శతపథ బ్రాహ్మణంలో ఇంకా పాత మాట ఒకటుంది. కృత్తికలు ఒకప్పుడు ఋక్షుల భార్యలని, ఋక్షులంటే సప్తర్షులేనని, అయితే భర్తలు ఉత్తరాన ఉదయిస్తారు, వీళ్ళు తూర్పున ఉదయిస్తారు కాబట్టి కలిసి ఉండలేరని. అంతే. అక్కడ ఎవరి తప్పూ లేదు, దిక్కుల తేడా మాత్రమే. అంటే మనవాళ్ళు ముందు ఆకాశం చూశారు. ఈ రెండు గుంపులూ ఎందుకు దూరంగా ఉన్నాయన్న ప్రశ్న తర్వాత వచ్చి ఉంటుంది.

ఈ దూరాన్ని మన నేల మీద నిలబడి చూడాలంటే మంచి చోటు ఒకటుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, కృష్ణమ్మ ఒడ్డున ముడుమాల్. మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్ళు వరుసగా నిలబెట్టి ఉంటాయి, 3,000 ఏళ్ళ కంటే పాతవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఊరివాళ్ళు నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు. అక్కడ ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. అవి సప్తర్షి మండలం ఆకారమని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి.రావు గారు గుర్తించారు. ఆ రాళ్ళు నిలబెట్టినవాళ్ళు ఆ చుక్కలని ఏమని పిలిచారో, వాళ్ళకి మన కథ తెలుసో లేదో మనం అనలేం. చుక్కలు మాత్రం అవే.

ఇక ఆ అక్షాంశం దగ్గర ఆకాశం లెక్క చూడండి. కృత్తికలు తూర్పున తల ఎత్తే వేళకి సప్తర్షుల్లో చివరి చుక్క కూడా వాయవ్యంలో దిగిపోయి ఉంటుంది. మళ్ళీ ఈశాన్యంలో మొదటి ఋషి కనిపించేసరికి కృత్తికలు దాదాపు నడినెత్తికి చేరుతారు. ఏడుగురూ పూర్తిగా పైకి వచ్చేటప్పటికి వీళ్ళు పడమరకి వాలుతుంటారు. ఒకరు లేనప్పుడు ఒకరు. వాళ్ళకోసం వీళ్ళు ఆగరు. నింద కథ నమ్మినా, శతపథం మాట నమ్మినా, కళ్ళకి కనిపించేది ఇదే.

మన పెళ్ళిళ్ళలో అరుంధతీ దర్శనం చేయిస్తారు కదా. పట్టపగలు పదకొండు గంటలకి ఫంక్షన్ హాల్ బయటకి తీసుకొచ్చి పంతులుగారు వేలు చూపిస్తే, జంట ఎండకి కళ్ళు చిట్లించి "కనిపించింది" అంటారు, అందరూ నవ్వుతారు. ఆ తంతు నాకు ఇష్టమే. నా ఆశ ఒక్కటే, రాత్రి ముహూర్తాల్లో అయినా, ఆకాశంలో ఉన్నప్పుడు, కృత్తికలని కూడా చూపించి వాళ్ళ కథ రెండు ముక్కలు చెప్పాలి. ముఖ్యంగా పెళ్ళికొడుకుకి. రేపు ఎవరో ఏదో అంటారు, నిజం నీకు తెలిసినప్పుడు నువ్వెక్కడ నిలబడతావు అని. శాస్త్రంలో లేదంటారా? అరుంధతిని చూపించే శాస్త్రానికి మిగతా ఆరుగురు బరువు కారు.

చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. కార్తీక పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగించండి, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళండి, వాడపల్లిలో సంగమ స్నానం చేయండి, కానీ ఆ రాత్రి కృత్తికల కోసం మాత్రం వెతక్కండి. నిండు చంద్రుడు వాళ్ళ పక్కనే ఉంటాడు, ఆ వెన్నెల్లో చుక్కలు దాదాపు మునిగిపోతాయి. వాళ్ళ పేరు మీద ఉన్న పండగ రోజునే వాళ్ళు కనిపించరు. పౌర్ణమి దాటిన ఐదారు రోజులకి వెళ్ళండి, చంద్రుడు ఆలస్యంగా లేస్తాడు. జనవరిలో అయితే రాత్రి ఎనిమిదింటికే నడినెత్తిన ఉంటారు, మెడ నొప్పి తప్పదు, చాప తీసుకెళ్ళండి. మే నెల కృత్తిక కార్తెలో సూర్యుడే ఆ నక్షత్రంలో ఉంటాడు కాబట్టి అసలు కనిపించరు.

పైన చెప్పిన మా చుట్టాలమ్మాయికి పోయిన చలికాలం ఈ గుంపు ఫోటో ఒకటి పంపాను, చుట్టూ నీలం పొగ ఉన్నది. కథ కూడా రాసి పంపాను. రెండు రోజుల తర్వాత రిప్లై వచ్చింది: "ఆ పొగ వాళ్ళది కాదు కదన్నా?"

కాదని రాశాను.